మూసిన బడి, తెరచిన ద్వారము
ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి జీవితం

మన డయోసిస్ నూరేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ శుభ సమయంలో, ఈ సంచిక పుటల్లో ఎందరో పూజ్యుల జీవితాలు చోటు చేసుకొంటున్నాయి. సువార్త తెచ్చిన మిషనరీలు, సంఘాలను కట్టిన బిషప్పులు, పల్లెపల్లెకూ కాలినడకన తిరిగిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు, వీరందరినీ స్మరించుకోవడం మన విధి. మేము మాత్రం ఈ వ్యాసానికి మన సంఘపు పట్టీలో పేరు లేని ఒక పెద్దమనిషిని ఎన్నుకొన్నాము. ఆయన ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. తెలుగునాట శాస్త్రీయ సంగీతం ఎరిగినవారికి ఆయనను పరిచయం చేయనవసరం లేదు. కాని ఆయన కంటిచూపు మందమైన మనిషి అనీ, ఆ కారణంగానే చిన్ననాట బడికి దూరమైనాడనీ తెలిసినవారు తక్కువ.

ఇది చర్చి సంచికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన తుళ్లూరు ప్రాంతపు సంఘాలను చూడండి. ప్రతి సంఘంలోనూ చూపులేని బిడ్డ ఒకరో, చూపు మందగించిన పెద్దవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిరప కోతల రోజుల్లో, పత్తి తీతల రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనికి పోతే ఆ బిడ్డ అరుగు మీద ఒంటరిగా కూర్చుంటుంది. ఆదివారం చెయ్యి పట్టుకొని గుడికి తెస్తారు, ఒక మూల కూర్చోబెడతారు, ఆరాధన కాగానే తీసుకుపోతారు. జాలి లేక కాదు. జాలి కావలసినంత ఉంది. కాని ఆ బిడ్డ ఏమి చదువుతున్నదని అడిగేవారు అరుదు. యెరికో దారిలో బర్తిమయి కేక వేసినపుడు అతనిని ఊరకుండమన్నది చెడ్డవారు కారు, ప్రభువు వెంట నడుస్తున్న జనమే. ప్రభువు నిలిచి అతనిని పిలిపించిన తరువాతనే ఆ జనం దారి ఇచ్చింది. మనం ఏ జనంలో ఉన్నామో తెలుసుకోవడానికి నాయుడు గారి జీవితం మనకు అద్దంలా ఉపకరిస్తుంది.

బాల్యము

నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఆయన ఉద్యోగం విరమించాక కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. ఇంట సంగీతం ఉన్నది. అన్నగారైన వెంకటకృష్ణయ్య గారికి ఫిడేలు బాగా వచ్చును.

దీపాల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు వెలుగు సరిగా ఆనకపోవడం చిన్ననాటనే బయటపడింది. ఆ కాలపు బడి సంగతి మన తాతలను అడిగితే చెబుతారు. నల్లబల్ల మీద అయ్యవారు వ్రాస్తారు; పిల్లలు చూచి పలకల మీదికి ఎత్తుకోవాలి. ఎత్తుకోలేనివాడు మొద్దు అన్నమాట. పక్కవాని పలక వైపు వంగితే దొంగచూపు అన్నమాట. కన్ను ఆనదేమోనన్న అనుమానం అప్పటి బడులకు కలగలేదు. పిల్లల కళ్లు పరీక్షించే ఏర్పాటూ లేదు. నాయుడు గారు చూపు మందం కారణంగానే బడి నుండి తప్పించబడ్డారు. బాలునిలో తెలివి ఉందా లేదా అన్నది ఎవరూ విచారించలేదు.

అక్కడితో ఆ కథ ముగిసిపోవలసిందే. ఆ రోజుల్లో చూపులేనివారికి మన తెలుగు పల్లెల్లో మిగిలింది రెండే దారులు: ఇంటి మూల, లేదా గుడి మెట్ల మీద చాచిన చెయ్యి. నాయుడు గారిని ఆ రెండు దారుల నుండీ తప్పించినవారు ఆయన అన్నగారు.

అన్న నేర్పిన విద్య

వెంకటకృష్ణయ్య గారు తమ్ముని చేతికి ఫిడేలు ఇచ్చారు. ఈ వాద్యం సంగతి మన సంఘస్థులకు కొంచెం చెప్పాలి. ఫిడేలు మన దేశంలో పుట్టింది కాదు. ఐరోపా వారితో ఓడలెక్కి వచ్చింది. మద్రాసులో ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు దానిని ఐరోపా వాద్యకారుని వద్ద నేర్చుకొని కర్ణాటక సంగీతానికి అలవరచినట్లు చరిత్ర చెబుతున్నది. నిలబడి గడ్డం కింద పెట్టుకొని వాయించే వాద్యాన్ని మనవారు నేల మీద కూర్చుండబెట్టి, దాని మెడను కాలి మడమ దగ్గర ఆనించి వాయించడం మొదలుపెట్టారు. కొన్ని సంఘాలలో కీర్తనలకు తోడుగా వినిపించే ఫిడేలు, కచేరీలో త్యాగరాజ కృతి పలికే ఫిడేలు, రెండూ ఒకటే.

ఫిడేలుకు ఉన్నవి నాలుగు తంతులు. వీణకు ఉన్నట్లు మెట్లు ఉండవు. స్వరం ఎక్కడున్నదో చూపించే గుర్తు ఏదీ దాని మీద లేదు. కన్ను ఎంత చురుకైనదైనా ఇక్కడ పనికిరాదు. వేలు వెదకాలి, చెవి తీర్పు చెప్పాలి. వెంట్రుకవాసి తప్పితే అపస్వరం. పైగా మన సంగీతం గురువు నోట వచ్చి శిష్యుని చెవిలో పడే విద్య. సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు, అన్నీ విని, పలికి, మరల మరల సాధన చేసి నిలుపుకోవలసినవే. కనుక నల్లబల్ల ముందు వెనుకబడిన బాలుడు ఫిడేలు ముందు ఎవరికీ వెనుకబడలేదు.

ఇందులో ఒక మాట గమనించాలి. బాలునికి కొత్తగా కళ్లు రాలేదు. బాలుడు మారలేదు. నేర్పే పద్ధతి మారింది. అంతే. పద్ధతి మారగానే, పనికిరాడని బడి పంపివేసినవాడు విద్వాంసుడైనాడు.

ఒక్క బిడ్డ కోసం కట్టిన కళాశాల

నాయుడు గారి జీవితం విజయనగరంలోని సంగీత కళాశాలతో ముడిపడి ఉన్నది. ఆ కళాశాల పుట్టిన విధం మన సంఘాలన్నీ తెలుసుకోదగినది.

విజయనగర సంస్థానంలో చాగంటి జోగారావు గారనే ఆస్థానోద్యోగి ఉండేవారు. ఆయన కుమారుడు గంగరాజుకు చూపు లేదు. కాని సంగీతమంటే ప్రాణం. ఈ సంగతి పూసపాటి విజయరామ గజపతిరాజు గారి చెవిన పడింది. రాజుగారు తలచుకొంటే ఆ పిల్లవానికి ఒక గురువును కుదర్చి, నెలకు ఇంత అని ఇప్పించి, ధర్మం చేశామని తృప్తిపడవచ్చు. అలా చేయలేదు. చూపులేని బిడ్డ నేర్చుకొనేచోట ఊరి పిల్లలు కూడా నేర్చుకొందురు గాక అని సంగీత పాఠశాలనే నెలకొల్పారు. అది 1919వ సంవత్సరం. దానికి విజయరామ గాన పాఠశాల అని పేరు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు.

చూపులేని పిల్లల కోసం ఊరి వెలుపల వేరే గది కట్టడం ఒక పద్ధతి. చూపున్నవారి బడిలో ఒక మూల చోటివ్వడం ఇంకొక పద్ధతి. ఇక్కడ ఆ రెండూ కాదు. చూపులేని బిడ్డను మధ్యన ఉంచుకొని, అతని చుట్టూ అందరికీ బడి కట్టారు. ఆ ఒక్కని అవసరం వల్ల నూరేండ్లకు పైగా వేలమంది పిల్లలు బాగుపడ్డారు. సంఘంలో బలహీనమైన అవయవం ఎక్కువ అవసరమైనదని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన బోధకు ఇంతకంటే మంచి ఉదాహరణ మన తెలుగుదేశంలో మాకు తోచలేదు.

ఆ సంవత్సరమే నాయుడు గారు అక్కడికి వచ్చారు. విద్యార్థిగా చేరుదామని వచ్చినవాని వాద్యం విని, ఇతడు నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని పెద్దలు గ్రహించి ఫిడేలు ఆచార్యునిగా నియమించారని సంగీతలోకంలో నేటికీ చెప్పుకొంటారు. ఆచార్య పదవి దొరికినమాట మాత్రం చరిత్ర. అప్పటికి ఆయనకు పాతికేండ్ల ప్రాయం. చూపు కారణంగా ఒక బడి వెళ్లగొట్టిన మనిషి, చూపులేని బిడ్డ కోసం పుట్టిన మరొక బడిలో గురుపీఠం ఎక్కారు. ఆయన ఇంటిపేరే ద్వారం. గొఱ్ఱెలకు ద్వారమును తానేనని చెప్పిన ప్రభువును ఎరిగిన మనకు ఆ పేరు వినగానే మనసు కదలక మానదు.

ఆచార్యుడు, అధ్యక్షుడు

1936లో నారాయణదాసు గారి తరువాత నాయుడు గారే కళాశాల అధ్యక్షులైనారు. కన్ను ఆనదని పాఠాలకే పనికిరాడన్న మనిషి చేతికి కళాశాల పాలన వచ్చింది.

ఆ రోజుల్లోనే కృష్ణా జిల్లా నుండి ఒక పేద కుర్రవాడు సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరాడు. వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. చేతిలో డబ్బు లేదు, ఊరిలో తెలిసినవారు లేరు. నాయుడు గారి వద్దకు వెళ్లి మొరపెట్టుకొంటే, కళాశాల తెరిచేవరకు ఆవరణలో తలదాచుకోవడానికి ఆయన అనుమతి ఇచ్చారట. ఆ కుర్రవాడు వారాలు చేసుకొని కడుపు నింపుకొంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద చదువు సాగించాడు. అతడే తరువాత తెలుగువారందరి ఇండ్లలో కంఠం వినిపించిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. గాయని పి. సుశీల గారు కూడా ఆ కళాశాలలో చదువుకొన్నవారే. ఒకప్పుడు తనకు గడప దాటే భాగ్యం లేకపోయిన మనిషి, తన చేతికి తాళంచెవి వచ్చినపుడు ఏమి చేశాడన్నది ఇక్కడ చూడవలసిన విషయం.

వాద్యకారునిగా నాయుడు గారు చేసిన పని చిన్నది కాదు. అంతవరకు కచేరీలలో ఫిడేలు పాటకుని పక్కన కూర్చుండే తోడు వాద్యం. గాయకుడు పాడినది అనుసరించడమే దాని పని. ఫిడేలు తనంతట తానే కచేరీ నడపగలదని ఆయన నమ్మి, 1938లో వేలూరులో ఒంటరిగా ఫిడేలు కచేరీ చేసి నిరూపించారు. ఆయన కమానులో గట్టితనం లేదు, మార్దవం ఉంది. నాదంలో తొందర లేదు, నిండుతనం ఉంది అని విన్నవారు చెబుతారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు ఆయనకు లభించింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధుడైన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినపుడు నాయుడు గారి వాద్యం విని మెచ్చుకొన్నారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. కుమార్తె ద్వారం మంగతాయారు గారు కూడా వయొలిన్ విదుషీమణిగా పేరు పొందారు.

1964 నవంబరు 25న నాయుడు గారు పరమపదించారు. వారి శతజయంతి సంవత్సరమైన 1993లో భారత ప్రభుత్వం వారి పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

పాట ఒక్కటే చాలునా?

ఇంతవరకు చదివి, అయితే మన చూపులేని పిల్లలందరికీ హార్మోనియం నేర్పిద్దామని కొందరు అనుకోవచ్చు. అక్కడే జాగ్రత్తపడాలి. నాయుడు గారికి సంగీతం దక్కడానికి కారణం ఆయనకు చూపు తక్కువ కావడం కాదు. ఆయనలో సంగీతం ఉండడం. చూపు లేనివారికి దేవుడు గొంతు ఇస్తాడని మనలో ఒక మాట ఉంది. అది ఓదార్పుగా మొదలై కట్టుబాటుగా మారింది. పాడలేని చూపులేని బిడ్డ సంగతేమిటి? లెక్కలంటే ఇష్టమున్న బిడ్డ సంగతేమిటి? ప్రత్యేక కూడికలో ఒక పాట పాడించి, చప్పట్లు కొట్టి, పది రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తే మన బాధ్యత తీరినట్లేనా?

చెవితో నేర్చేవి కొన్నే. మిగిలిన చదువుకు అక్షరం కావాలి. ఆ అక్షరాన్ని ఇచ్చినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ బ్రెయిల్. జీనులు కుట్టే తండ్రి దుకాణంలో మూడేండ్ల ప్రాయంలో పనిముట్టు గుచ్చుకొని చూపు పోగొట్టుకొన్న ఆయన, 1824లో, పదిహేనేండ్ల వయసులో, ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. 1829లో దానిని అచ్చులో ప్రకటించాడు. ఆయన కూడా పారిస్ దేవాలయాలలో ఆర్గన్ వాయించిన భక్తుడే. అయినా వాద్యంతో తృప్తిపడలేదు. వేళ్లతో చదివే విద్య తనవారందరికీ కావాలని కోరాడు. మన దేశంలో 1887లో అమృతసరసులో ఆనీ షార్ప్ అనే మిషనరీ వనిత, 1890లో తమిళనాడులోని పాళయంకోటలో ఆస్క్విత్ దొరసాని అంధ బాలబాలికలకు పాఠశాలలు నెలకొల్పారు. భిక్షమెత్తేవారికి కానుక ఇవ్వడం కంటే పుస్తకం ఇవ్వడం గొప్పదని మన సంఘాల పూర్వులకు తెలుసు. 1951లో భారతీయ భాషలన్నిటికీ కలిపి ఒకే బ్రెయిల్ పద్ధతి ఏర్పడింది. మన అ ఆ లు కూడా అప్పటినుండి ఆ ఆరు చుక్కలలో ఒదిగాయి.

చట్టం కూడా ఇప్పుడు అండగా ఉంది. వికలాంగుల హక్కులకై 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. నలభై శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు, దగ్గరి బడిలో గాని, వారు కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య హక్కు. ప్రభుత్వోద్యోగాలలో వికలాంగులకు 4 శాతం కేటాయించగా, అందులో 1 శాతం చూపులేనివారికి, చూపు మందమైనవారికి చెందుతుంది. అయినా దారి ఇంకా సాఫీ కాలేదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపులేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారు పదవ తరగతి తరువాత సైన్సు చదువుతానంటే నిబంధనలు ఒప్పుకోలేదు. న్యాయస్థానానికి వెళ్లి ఆ హక్కు సాధించుకొన్నారు. తరువాత అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి వచ్చి, పరిశ్రమ స్థాపించి, వికలాంగులకు ఉద్యోగాలు ఇచ్చారు. నాయుడు గారిని బడి మాన్పించిన కాలానికీ, శ్రీకాంత్ గారు న్యాయస్థానం మెట్లెక్కిన కాలానికీ మధ్య నూరేండ్లు గడిచాయి. గడప మాత్రం కొంత మిగిలే ఉంది.

మన సంఘాలు చేయదగినవి

మొదటిది, మన ఆదివారపు బడి పిల్లల కళ్లు చూపించాలి. పుస్తకం ముక్కుకు ఆనించి చదివేవానిని, పక్కవాని పుస్తకంలోకి వంగేవానిని దండించక ముందు నేత్రవైద్యుని వద్దకు పంపాలి. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. మన తుళ్లూరు నుండి పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. కళ్లద్దాలతో తీరేది కొందరిది. తీరనివారికి ముందు బల్ల, పెద్ద అక్షరాలు, నల్లబల్ల మీద వ్రాసినది పైకి చదివే ఉపాధ్యాయుడు కావాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

రెండవది, చూపులేని బిడ్డ ఉన్న ప్రతి ఇంటికి సంఘం ఒక వెంకటకృష్ణయ్య గారిని ఇవ్వాలి. బ్రెయిల్ నేర్పే బడి ఎక్కడున్నదో విచారించి, చేర్పించి, సెలవులకు ఇంటికి తెచ్చి, మరల దిగబెట్టే అన్నో అక్కో ఒకరుండాలి. ధ్రువపత్రం కోసం ఆసుపత్రికీ ఆఫీసుకూ కూలిపని మానుకొని తిరగలేక ఎందరు తల్లులు విడిచిపెట్టారో సేవకులకు తెలియని సంగతి కాదు. మన యౌవన సమాజంవారు పరీక్షలలో వ్రాసిపెట్టడానికి సహాయకులుగా ముందుకు రావచ్చు. పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసి ఇవ్వవచ్చు.

మూడవది, ఆరాధనలో వారికి పని ఉండాలి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కాని కీర్తన సంఖ్య మాత్రమే చెప్పి ఊరుకొంటే పుస్తకం చూడలేనివారు మొదటి చరణం అంతా మౌనంగా ఉండవలసిందే. చరణం మొదటి మాట పైకి చెప్పండి. బ్రెయిల్ వాక్యభాగం తెప్పించి, ఏటికి ఒకసారి కాదు, వంతు ప్రకారం వారిచేత పాఠం చదివించండి. పాస్టరేట్ కమిటీలో వారికి చోటు ఇవ్వండి. గుడ్డివాడు, గుడ్డిది అని కాక, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరుతో పిలవండి.

మన ప్రాంతంలో ఇప్పుడు కొత్త కట్టడాలు లేస్తున్నాయి. పత్తి చేలు, మిరప చేలు ఉన్నచోట రాజధాని రోడ్లు పడ్డాయి. మన సంఘాలలో కూడా కొందరు కొత్త గుడులు కట్టాలని, పాతవి పెంచాలని తలపెడుతున్నారు. మంచిదే. కట్టేటపుడు విజయనగరం రాజుగారు వేసుకొన్న లెక్క ఒకసారి మనమూ వేసుకొందాము. మన సంఘంలోని చూపులేని బిడ్డకు ఏమి కావాలో ముందు అడిగి, దాని చుట్టూ మిగిలినది కడితే, ఆ గుడి అందరికీ సరిపోతుంది.

బర్తిమయిని పిలిచిన ప్రభువు, అతనికి ఏమి కావాలో అతనినే అడిగాడు. ఆ ప్రశ్న అడిగే మనసు నూరేండ్లు నిండిన మన డయోసిస్‌కు, రాబోవు తరముల మన బిడ్డలకు ఆయన అనుగ్రహించును గాక. ఆమేన్.